మొదటి అధ్యాయంలోని శవం గారికి

మహారాజశ్రీ శవం గారికి, డిటెక్టివ్ నవలలు చదివి చదివి కళ్లజోడు నంబరు పెంచుకున్న పాఠకుడు నమస్కరించి వ్రాయునది. పూర్వం మీ క్షేమం అడిగే పనే ఉండేది కాదు. ఈమధ్య అడగాల్సి వస్తోంది.

మీకున్న ఉద్యోగం ఒక్కటే. తివాచీ మీద బోర్లా పడి, నోరు మూసుకుని ఉండటం. ఒళ్లు ఎంత చల్లబడిందో, దవడ ఎంత బిగుసుకుందో చూసి మిగతాది డిటెక్టివ్ చెప్పుకునేవాడు. మధ్యలో దూరే దెయ్యాలకు 1929లోనే ఇంగ్లిష్ డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ తలుపేశాడు. అపరాధ పరిశోధన కథలకు ఆయన పెట్టిన పది నియమాల్లో రెండోది అదే: అతీంద్రియ శక్తులకు చోటు లేదు. ఆయన కాథలిక్ ఫాదరీ సుమండీ! పరలోకాన్ని నమ్మినవాడే దాని సాక్ష్యం మాత్రం చెల్లదన్నాడు.

ఇప్పుడు మీ వరస చూడండి. ఒకచోట దెయ్యమై మీ కేసు మీరే దర్యాప్తు చేసుకుంటారు. ఇంకోచోట చచ్చిన రోజునే మళ్లీ మళ్లీ నిద్ర లేస్తారు. రిచర్డ్ మోర్గన్ 2002లో రాసిన సైన్స్ ఫిక్షన్ నవల 'ఆల్టర్డ్ కార్బన్'లో మరీనూ. తల పేలి చచ్చిన శ్రీమంతుడు, దాచుకున్న జ్ఞాపకాల కాపీతో కొత్త ఒంట్లో లేచి, నన్ను చంపిందెవరో తేల్చమని తనే మనిషిని పెట్టుకుంటాడు. అలాంటివాణ్ణి చంపితే అది హత్య కిందికొస్తుందా, ఆస్తి నష్టం కిందికొస్తుందా? ఏ సెక్షన్ పెట్టాలో పాపం పోలీసులకే తెలియాలి. అయినా అది నాకు నచ్చింది. కాపీ 48 గంటలకోసారి తీస్తారు కాబట్టి, చావుకు ముందు గంటలు గల్లంతు. అంటే మీరు లేచారే గానీ, అసలు సంగతి దగ్గర నోరు పడిపోయే ఉంది.

కాబట్టి నా పేచీ మీరు లేచి కూర్చున్నందుకు కాదు. విక్రమార్కుడి భుజం మీది శవమూ మాట్లాడింది. కానీ చిక్కుముడి వేసి, విప్పే పని మోసేవాడికే వదిలింది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందన్న షరతు కూడా ముందే చెప్పింది. మీరో? మూడొందల పేజీలు మమ్మల్ని తిప్పి, ఆఖరున తీరిగ్గా "ఈ లోకంలో చావు తాత్కాలికం" అంటారు. ఆ ముక్క మొదటి పేజీలో చెబితే మీ సొమ్మేం పోయింది?

మాట్లాడి తీరాలంటే అబద్ధమైనా ఆడండి. జపాన్ రచయిత అకుతగావా 1922లో రాసిన 'పొదలో' అనే కథలో చచ్చిన సమురాయ్ పూనకం వచ్చిన ఆవిడ నోట సాక్ష్యం చెబుతాడు. ఆ సాక్ష్యం బతికున్నవాళ్ల మాటలతో పొసగదు. చచ్చాక కూడా పరువు కోసం పాకులాడే మనిషిని చూస్తే నాకెంత ఊరటో!

జవాబు రాస్తారేమో, మీ ఇష్టం. హంతకుడి పేరు మాత్రం అందులో రాయకండి. నేనింకా 140వ పేజీలోనే ఉన్నాను.

ఇట్లు,
ప్రస్తుతానికి బతికే ఉన్న
మీ పాఠకుడు