ఫీజు పక్కన వెలిగే స్టార్ గుర్తు గారికి

మహారాజశ్రీ స్టార్ గుర్తు గారికి,

తిరుపతి నుంచి మీ శ్రేయోభిలాషి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. మీరు అంతకన్నా క్షేమంగా ఉన్నారని ఈ మధ్య మా చేతికొచ్చిన బ్యూటీషియన్ కోర్సు బ్రోషర్లు చూశాక తెలిసింది. ఏ లైను చదివినా చివర మీరే కదండీ! ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ పక్కన మీరు, ‘ప్రొఫెషనల్ కిట్ ఉచితం’ పక్కన మీరు, ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ పక్కన మీరు, ‘వడ్డీ లేని వాయిదాలు’ పక్కనా మీరే. ఆఖరి పేజీ అడుగున, నా కళ్ళజోడుకి కూడా అందని సైజులో ‘షరతులు వర్తిస్తాయి’ అని అచ్చేశారు. సరే, ఆ షరతులేంటో చూద్దామని కాగితం అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎక్కడా లేవు. వర్తిస్తాయి, అంతే. ఏం వర్తిస్తాయి, ఎవరికి వర్తిస్తాయి అనేది డబ్బు కట్టాక తెలుస్తుందేమో.

సంగతేంటంటే, మా అక్క కూతురు ఇంటర్ అయిపోయి చిత్తూరు నుంచి మా ఇంటికొచ్చి కూర్చుంది. నర్సింగ్ చదవమని మా అక్క, వేలూరు పక్కనే ఉందిగా అని మా బావ, ఇద్దరూ ఒకటే పోరు. పిల్ల మాత్రం బ్యూటీషియన్ అవుతానంటుంది. నేను కాస్మెటిక్స్ హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను, ఊళ్ళో సగం పార్లర్లకి సరుకు మా కౌంటర్ మీంచే పోతుంది కాబట్టి, “పిన్నీ, నువ్వు తోడొస్తే మోసపోం” అని నన్ను లాక్కెళ్ళింది. బాలాజీ కాలనీ నుంచి బైపాస్ రోడ్డు దాకా, మేడ మీద మేడ ఎక్కి, ఏసీ చల్లదనంలో కూర్చుని, ఇచ్చిన నీళ్ళ బాటిల్ తాగి, మీ గురించి చాలా తెలుసుకున్నాం.

ముందు ఆ ఉచిత కిట్ సంగతి. “15,000 విలువ మేడం, ఫ్రీ” అని కౌన్సిలర్ అమ్మాయి గులాబీ రంగు పెట్టె తెచ్చి ముందు పెట్టింది. అలాంటి పెట్టె నా ముందు పెట్టకూడదు, పాపం ఆ అమ్మాయికి తెలీదు. బ్రష్ తీసి అరచేతి మీద రెండుసార్లు అటూఇటూ అన్నాను, నల్లటి వెంట్రుకలు నాలుగు చేతికే అంటుకుపోయాయి. ఫేషియల్ కిట్ అంటే ఒకసారికి సరిపోయే సాషేలు. హెయిర్ స్ప్రే డబ్బా అడుగున తేదీ ఉండాల్సిన చోట తెల్ల స్టిక్కరు, దాని మీద ఇంకో తేదీ. గోరుతో స్టిక్కరు కొంచెం లేపబోతే “అది ఓపెన్ చేయకూడదు మేడం” అంది. మా షాపు రేటుకి లెక్కేస్తే ఆ పెట్టె మొత్తం, పెట్టెతో సహా, 15,000లో నాలుగో వంతు కూడా రాదు. ఆ నాలుగో వంతు కూడా ఫ్రీ కాదనుకోండి, ఫీజులో నుంచే కదా వచ్చింది.

అందులో డమ్మీ తల ఒకటి. హెయిర్ స్టైల్స్ నేర్చుకోడానికట. పట్టుకుంటే నైలాన్ జుట్టు. దానికి స్ట్రెయిట్‌నర్ తగిలిస్తే కరిగి ముద్దవుతుంది, రంగు వేస్తే పట్టదు, జడ వేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అసలు జుట్టున్న డమ్మీ కావాలంటే? “అది సెపరేట్ మేడం.” చూశారా స్టార్ గారూ, ఎక్కడ కూర్చుని చెప్తున్నారో ఈ మాట! కిటికీలోంచి చూస్తే ఏడుకొండలు కనిపిస్తున్నాయి. ఆ కొండ మీద కల్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలు ఇస్తారు, టీటీడీ వాటిని పొడవుల వారీగా వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది, ఆ జుట్టు విగ్గులై దేశాలు తిరుగుతుంది. కొండ కింద ఉన్న మా పిల్లకి మాత్రం నైలాన్ తల.

ఇక అసలు లెక్క. మీ పక్కనున్న అంకె 75,000. ‘డిప్లొమా ఇన్ అడ్వాన్స్‌డ్ కాస్మెటాలజీ, మూడు నెలలు.’ రోజుకెన్ని గంటలు అని అడిగాను. రెండు. ఆదివారాలు, పండగలు, మేడం గారి ఊరి జాతర పోను ఓ 75 రోజులు వేసుకుందాం, మొత్తం 150 గంటలు. అంటే గంటకి 500. ఆ గంటలో బ్యాచ్‌కి పాతిక మంది పిల్లలు, ఫేషియల్ బెడ్ ఒకటి. ఒకరు చేస్తుంటే ఇరవైమందికి పైగా చుట్టూ నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంటున్నారు. అద్దాల తలుపులోంచి చూశాం కూడా. వీడియో తీసుకోడానికైతే ఇంట్లో మంచం మీద పడుకుని చూసేవి బోలెడున్నాయి, అవి ఊరికే వస్తాయి.

మీకు తెలీదని కాదు గానీ చెప్తాను వినండి. ఐటీఐల్లో ఇదే కాస్మెటాలజీ పేరుతో ఏడాది ట్రేడ్ ఉంది, పది పాసైతే చాలు. సిలబస్ 1200 గంటలు, అందులో 840 గంటలు చేత్తో చేసే ప్రాక్టికల్. కాలిఫోర్నియాలో ఈ కోర్సు 1600 గంటలుండేది, అది మరీ ఎక్కువని 2022 నుంచి 1000కి తగ్గించారు. తగ్గిస్తేనే వెయ్యి! అక్కడ లైసెన్సుకి పెట్టిన గంటలు నిండి, పరీక్ష పాసై, అది చేతికొస్తే గానీ డబ్బు తీసుకుని ఇంకొకరి జుట్టు మీద కత్తెర పెట్టకూడదు. మన దగ్గర ఆ బాధ లేదు. షాపుకి మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉంటే సరి, చేతికి ఏమొచ్చు అని అడిగే నాథుడు లేడు. అందుకే మీరింత హాయిగా బతుకుతున్నారు. 150 గంటల్ని పట్టుకొచ్చి ‘అడ్వాన్స్‌డ్’ అని రాసి పక్కన మీరు కూర్చుంటే, మిగిలిన గంటలు ఎక్కడికి పోయాయని ఎవరడుగుతారు?

నేను అడిగాను. గంటలు కాదు, రంగు గురించి. “హెయిర్ కలర్‌లో డెవలపర్ ఎంత వాల్యూమ్ వాడతారమ్మా?” అంటే కౌన్సిలర్ అమ్మాయి “వాల్యూమ్ అంటే బాటిల్ సైజు మేడం, కస్టమర్ జుట్టుని బట్టి పెద్దదీ చిన్నదీ” అంది. అబ్బా! డెవలపర్ అంటే రంగులో కలిపే ద్రవం, వాల్యూమ్ అంటే దాని ఘాటు. 20 వాల్యూమ్ అంటే అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం, 40 అంటే 12 శాతం. ఆ 12 శాతాన్ని 6 అనుకుని మాడు మీద రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. సరే, కౌన్సిలర్ సేల్స్ అమ్మాయి, ఆమె తప్పేం లేదని పాఠం చెప్పే మేడం గారిని పిలిపించాను. ఆవిడకి వాల్యూమ్ తెలుసు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్యాచ్ టెస్ట్ నేర్పిస్తారా అంటే మాత్రం నవ్వేసింది. నల్ల డైలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, మొహం వాచి కళ్ళు మూసుకుపోతాయి, అందుకే చెవి వెనకో మోచేతి మడతలోనో చుక్క రాసి 48 గంటలు ఆగమని డబ్బా మీదే రాసుంటుంది. “ఆ టైమ్ కస్టమర్లకి ఉండదు కదా మేడం” అంది. నిజమే, ఉండదు. అందుకే నేర్పాలి.

గుర్తింపు విషయం తొందరగా తేల్చేద్దాం. ప్రభుత్వ గుర్తింపు కాగితం చూపించమంటే ఫ్రేమ్ కట్టించిన ఉద్యం రిజిస్ట్రేషన్ చూపించారు. ఆధార్, పాన్ ఉంటే ఎవరి ఫోన్లో వాళ్ళు, పైసా ఖర్చు లేకుండా చేసుకునే చిన్న వ్యాపారాల నమోదు అది. మా వీధి చివర దోసెల బండి ఆమెకీ ఉంది. ఆమె దోసెల సిలబస్‌ని ప్రభుత్వం పరిశీలించలేదు, మీ కోర్సునీ పరిశీలించలేదు. పక్కన ఐఎస్ఓ అని ఇంకో ఫ్రేమ్, అది ఆఫీసు పద్ధతుల గురించి, ఐబ్రోస్ గురించి కాదు. నిజంగా గుర్తింపు కావాలంటే వృత్తి శిక్షణ కోర్సుల్ని చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీవీఈటీ పేరు, కోర్సు కోడు ఉండాలి కదా అన్నాను. “అది ప్రాసెస్‌లో ఉంది మేడం.”

పైపెచ్చు ఇంకో పాతిక వేలు కడితే అయిదు రోజుల ‘క్లినికల్ మాడ్యూల్’ అట. తెల్లకోటు వాళ్ళే ఇస్తారట. బోటాక్స్, ఫిల్లర్ల ఇంజెక్షన్లు, రంగు తేలడానికంటూ ఎక్కించే గ్లూటాథయోన్ డ్రిప్, అన్నీ నేర్పేస్తారట. ఎంబీబీఎస్ చదివి, మళ్ళీ చర్మవ్యాధుల్లో పీజీ చేసి వచ్చేవాళ్ళ పని ఇంటర్ పాసైన పిల్లకి సోమవారం మొదలుపెట్టి శుక్రవారానికి అప్పగిస్తారా? అక్కడ మాత్రం, స్టార్ గారూ, మిమ్మల్ని కూడా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మరి!

డబ్బు దగ్గరికొస్తే మీ అసలు ప్రతాపం కనపడింది. 75,000 మీద ‘జీఎస్టీ అదనం’. అంటే ఇంకో 13,500. పార్లర్‌కెళ్ళి చేయించుకుంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, అదే పని నేర్చుకోడానికి 18 శాతం. సరే, అది మీరు పెట్టింది కాదు. మరి జీఎస్టీ నంబర్ వేసి రసీదు ఇస్తారా అన్నాను. లోపలికెళ్ళి సార్‌ని అడిగొచ్చి, “బిల్లు వద్దంటే ఆ 18 శాతం తీసేస్తారంట మేడం” అంది. ఏడాదికి 20 లక్షల వ్యాపారం దాటకపోతే అసలు రిజిస్ట్రేషనే అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు జీఎస్టీ వసూలు చేయనే కూడదు. అడిగితే పోయే పన్ను, అడగకపోతే కట్టే పన్ను, ఇలాంటిది మీ దగ్గరే చూశాను. రసీదు లేకపోతే రేపు పిల్ల మధ్యలో మానేసినా, మీ బోర్డే మాయమైనా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఏం చూపించి ఫిర్యాదు చేయాలి?

వడ్డీ లేని వాయిదాలు అన్నారు. అలాంటిదేదీ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు పేరుతోనో, వేరే రేటు పేరుతోనో అది ఎక్కడో ఓ చోట ఉంటుంది. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. అప్పు మా అక్క పేరు మీద, ఏదో ఫైనాన్స్ కంపెనీది. మొత్తం మొదటి రోజే మీ అకౌంట్లో పడిపోతుంది. పిల్ల క్లాసుకి వచ్చినా రాకపోయినా, మీరు పాఠం చెప్పినా చెప్పకపోయినా, నెలనెలా ఐదో తారీఖున మా అక్క ఖాతాలో కోత. ‘జస్ట్ ఫార్మాలిటీ’ అని ట్యాబ్ మీద సంతకం పెట్టించబోతే, 2024 అక్టోబర్ నుంచి అప్పు మొత్తం ఖర్చు ఒకచోట రాసి ముందే ఇవ్వాలి కదా, ఆ కాగితం ఇవ్వండి, ఇంటికెళ్ళి చదువుకుంటాం అన్నాను. అంతే, ఏసీ కట్టేశారు. కరెంటు పోయిందేమో, పాపం.

ప్లేస్‌మెంట్ సంగతి మీ నోటితో వినే ఓపిక లేక, బైరాగిపట్టెడలో మా షాపుకి వచ్చే పార్లర్ ఆవిడ దగ్గరికి పిల్లని తీసుకెళ్ళాను. పన్లోకి తీసుకోడానికి ఏం చూస్తావక్కా అంటే, ఆవిడ మాట్లాడకుండా దారం రీలు పిల్ల చేతికిచ్చి కుర్చీలో వెనక్కి వాలింది. “నా కనుబొమ్మ చెయ్యి చూద్దాం.” పిల్లకి చెమటలు. దారం ఒక కొస పళ్ళ మధ్య, మిగతాది వేళ్ళకి చుట్టి మెలిపెట్టాలి, మెలి వెంట్రుక మొదట్లో పడాలి, మొలిచిన వైపుకి ఎదురుగా లాగాలి, లేదంటే తెగుతుంది, లేదా చర్మం గీసుకుంటుంది. “ముందు నీ కాలి మీద చేసుకోమ్మా, మోకాలి కింద వెంట్రుకలన్నీ పోయేదాకా. తర్వాత మీ అమ్మవి, మీ పిన్నివి. అప్పుడు రా” అంది. గోడ మీద ఆవిడ సర్టిఫికెట్లు ఏవని చూశాను. గోడ మీద పద్మావతి అమ్మవారి క్యాలెండర్ ఒకటే ఉంది. మూడు వందల అరవై రోజులూ ముహూర్తాలున్న ఊళ్ళో, తెల్లారుజామున కొండ మీద పెళ్ళంటే అర్ధరాత్రి లేచి పెళ్ళికూతుర్ని చేసే మనిషి ఆవిడ.

ఆ మాటకొస్తే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీసాలున్న మగాళ్ళు చీర కట్టి, సవరం పెట్టి, కాటుక దిద్దుకుని బజారున పోతుంటే ఎవరు ఎవరో సొంత పెళ్ళాలు కూడా గుర్తుపట్టలేరు. వాళ్ళకి ‘క్యారెక్టర్ మేకప్’ మాడ్యూల్ ఎవరు చెప్పారో, ఈఎంఐ ఎంత కట్టారో కనుక్కుని చెప్తారా?

డబ్బు పెట్టకూడదని కాదండీ నా గొడవ. చెయ్యి తిరగాలంటే సరుకు కావాలి, మోడల్స్ కావాలి, పక్కన నిలబడి తప్పు చెప్పే మనిషి కావాలి, వాటికి డబ్బవుతుంది, కడతాం. కాబట్టి ఈసారి అచ్చేసేటప్పుడు మీరు కూర్చున్న చోట, పిల్లకి బెడ్ మీద సొంతంగా ఎన్ని గంటలు వస్తాయో, నిజం మనుషుల మీద ఎన్ని ఫేషియల్స్ ఎన్ని కట్‌లు చేయిస్తారో, పాఠం చెప్పే ఆవిడ ఎక్కడ పనిచేసి వచ్చిందో, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో, కోర్సు కోడేంటో, జీఎస్టీ నంబరేంటో రాయించండి. చోటు చాలకపోతే కవర్ మీద నవ్వుతున్న ఆ తెల్లపిల్ల ఫొటో తీసేయండి.

ఈలోగా మా పిల్ల సంగతి చెప్తాను. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు దాదాపు జిల్లాకొకటి ఉన్నాయి, 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల క్షేత్రం ట్రస్టూ రెండు బ్యాంకులూ కలిసి మొదలుపెట్టిన పద్ధతి. పల్లెల వాళ్ళకి బ్యూటీ పార్లర్ కోర్సు ఊరికే నేర్పి, భోజనం కూడా పెడతారు. మా అక్క వాళ్ళది చిత్తూరు పక్క పల్లే కాబట్టి అప్లికేషన్ ఇచ్చాం. అది నెల రోజుల పని, మొదటి మెట్టు మాత్రమే, దాంతోనే పెళ్ళికూతుర్ని చేసేయడం కుదరదు, ఆ సంగతి పిల్లకీ తెలుసు. తర్వాత కాస్మెటాలజీ ట్రేడ్ ఉన్న ఐటీఐలో సీటు చూడాలి, అది అన్ని చోట్లా ఉండదు, అదో తిప్పలు. సాయంత్రాలు మాత్రం బైరాగిపట్టెడలో ఆ అక్క దగ్గర టవల్స్ మడతపెడుతూ చూస్తోంది. నా ఎడమ కనుబొమ్మ ఇప్పుడు కుడిదానికన్నా సన్నగా ఉంది, షాపులో అందరూ అడుగుతున్నారు.

ఇట్లు,
బ్రోషర్ చివరి పేజీ దాకా చదివే ఓ పిన్ని

తా.క. ‘ఆషాఢం ఆఫర్, ఈ రోజే ఆఖరు’ అని మీ వాళ్ళ మెసేజ్ ఈ పొద్దున కూడా వచ్చింది. శ్రావణం వచ్చి వారమైంది, ఎవరైనా ఆ కౌన్సిలర్ అమ్మాయికి ఒక క్యాలెండర్ ఇప్పించండి.