సైకిలుకు ముందు సైకిలు బట్టలా?

సైకిలు కొనాలనుకుంటున్నానని విశాఖలో ఎవరితోనైనా అని చూడండి. ఏ సైకిలు, ఎంత ధర అని అడగరు. "మరి బట్టలు?" అంటారు. ఒళ్లంతా అతుక్కునే చొక్కా, లోపల మెత్త ఉన్న నిక్కరు, చేతి తొడుగులు, నల్ల కళ్లద్దాలు... ఇవన్నీ ఉంటేనే సైకిలు ఎక్కే అర్హత వస్తుందన్నట్టు మాట్లాడతారు. మా ఆఫీసులో ఒకావిడ ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురానికి సైకిలు మీద వద్దామని ఎంతో ఉత్సాహపడింది. దుకాణంలో ఈ జాబితా చూపించగానే, "ఆ గుడ్డలు వేసుకుని లిఫ్టులో నిలబడలేను, వద్దులెండి" అని ఆటోకే ఉండిపోయింది. దూరానికి, ఎండకు, లారీలకు భయపడని మనిషిని నిక్కరు భయపెట్టింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బారులు తీరి భీమిలి దాకా పోయే బృందాలతో నాకు ఏ పేచీ లేదు. వాళ్ల వేగానికి ఆ బట్టలే సరి. గాలి అడ్డుతనం వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం ముప్పై అయితే గాలి నాలుగింతల బలంతో వెనక్కి నెడుతుంది. అందులోనూ నైరుతి గాలి జోరుగా ఉన్న రోజుల్లో భీమిలి నుంచి తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలే. అప్పుడు వదులు చొక్కా తెరచాపలా ఉబ్బి మనిషిని ఆపేస్తుంది, కాదనను. కానీ మద్దిలపాలెం సిగ్నలు దగ్గర ఆటోకూ బస్సుకూ మధ్య ఇరుక్కుని నిలబడినవాళ్లకు గాలి అడ్డుతనంతో ఏమి పని? పదిహేను దాటని వేగంలో చొక్కా అంచు రెపరెపలాడితే పోయేదేమీ లేదు. పైగా ఆ రెపరెపే మనకు కావాల్సిన గాలి.

అసలు ఆ అతుక్కునే బట్టల్లోని సాగే గుడ్డ, అదే లైక్రా, సైకిలు కోసం పుట్టినదే కాదు. 1958లో డ్యూపాంట్ అనే అమెరికా రసాయనాల సంస్థలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన దారం అది. ఆడవాళ్ల లోదుస్తుల్లో రబ్బరుకు బదులుగా ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతుంటే వచ్చింది. సైకిలు పందేలకు చాలా ఆలస్యంగా చేరింది. అంతకుముందు పందెగాళ్లు ఉన్ని చొక్కాలు, లోపల మెత్తటి తోలు కుట్టిన ఉన్ని నిక్కర్లు వేసుకుని కొండలు ఎక్కేవాళ్లు.

అంత దూరం ఎందుకు, మన సింధియా వైపే చూడండి. 1948లో నెహ్రూ "జల ఉష" ఓడను నీళ్లలోకి పంపిన షిప్‌యార్డు అది. మా పెదనాన్న అందులో పనిచేసేవారు. షిఫ్టు వదిలే వేళ గేటు బయట సైకిళ్లు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. అందరివీ మందపాటి ఖాకీ పాంట్లే, మోకాళ్ల దగ్గర వదులుగా, పిరుదుల దగ్గర ఇంకాస్త వదులుగా. కుడి కాలికి మాత్రం మడమ పైన ఇనుప క్లిప్పు. గొలుసు ఉండేది కుడి పక్కే కాబట్టి ఆ కాలికే క్లిప్పు. రోజూ సైకిలు తొక్కేవాడికి ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు కావాలో ఆ క్లిప్పు చెబుతుంది. పెదనాన్న రిటైరయ్యేదాకా ఆయనకు ఇంకే సరంజామా అవసరం పడలేదు.

మన ఊరి ఉక్క సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎండ మరీ ఎక్కువ లేకపోయినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరాలంటే గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి ఆడాలి. అందుకే వదులు. బిగుతు జీన్స్ వేసుకుని బీచ్ రోడ్డు నుంచి సిరిపురం ఎత్తు ఎక్కి చూడండి, పైకి చేరేసరికి తొడలకు గుడ్డ బంకలా పట్టుకుంటుంది. అలాగని నూలు అనగానే అన్నీ తీరిపోతాయని చెప్పను. నూలు చెమటను పీల్చుకుంటుంది కానీ త్వరగా వదలదు. తడిసి బరువెక్కి వీపుకు అంటుకుంటుంది. పాలియెస్టరు నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి తొందరగా ఆరుతుంది, కానీ సాయంత్రానికి దాని వాసన భరించలేం. నా మట్టుకు పలుచటి నూలే ఇష్టం. మల్‌మల్ అయితే మరీ మంచిది. పొందూరు ఖద్దరు చొక్కా ఇంకా హాయిగా ఉంటుంది, అయితే దాని ధరకు చెమటలో నానబెట్టడానికి మనసొప్పదు. దూరం కాస్త ఎక్కువైతే సంచిలో ఇంకో చొక్కా పెట్టుకోవడమే. దానికి ఏ సాంకేతికతా అక్కర్లేదు.

వదులు అంటే పై నుంచి కింది దాకా గోనెసంచిలా ఉండాలని కాదు. నేను పాంటు కొనేటప్పుడు దుకాణంలోనే వేసుకుని గొంతుక్కూర్చుంటాను. అమ్మే అమ్మాయి వింతగా చూసినా సరే. అలా కూర్చున్నప్పుడు మోకాలి దగ్గర గుడ్డ లాగినా, వెనక నడుము కిందికి జారినా ఆ పాంటు పెట్టేస్తాను. సైకిలు మీద ముందుకు వంగుతాం కాబట్టి నడుము వెనక వైపు కొంచెం ఎత్తుగా ఉండాలి, చొక్కా వెనక అంగుళమో రెండంగుళాలో పొడుగు ఉండాలి. ఇక జీన్స్‌లో అసలు శత్రువు కుట్టు. నాలుగు ముక్కలూ కలిసే చోట గుడ్డ మీద గుడ్డ పడి గడ్డలా తయారవుతుంది. ఆ గడ్డ సరిగ్గా మనం సీటు మీద కూర్చునే చోటే వస్తుంది. పూర్ణా మార్కెట్ దగ్గర నేను కుట్టించుకునే టైలరు గారికి ఇది బొమ్మ గీసి చూపించాను. కాళ్ల మధ్య నాలుగు పలకల ముక్క ఒకటి వేస్తే కుట్లన్నీ ఒకే చోట కలవవు, కాలు కూడా బాగా చాచుకుంటుంది. "ఇదేమిటమ్మా, పాంటు అంటారు, పైజమా కొలతలు ఇస్తారు" అన్నారాయన. "రెండూ కలిపి కుట్టండి, అడుగున మాత్రం బిగువుగా పెట్టండి" అన్నాను. ఇప్పుడు నేను ఆఫీసుకు వేసుకునేది అదే. అది సైకిలు పాంటు అని ఎవరూ కనిపెట్టలేదు.

మెత్త నిక్కరు గురించి కూడా ఒక మాట. గంటల తరబడి తొక్కేవాళ్లకు అది మేలే చేస్తుంది. కానీ దాన్ని లోదుస్తు లేకుండా నేరుగా ఒంటికి వేసుకోవాలి, వేసుకున్న ప్రతిసారీ ఉతకాలి. లేకపోతే ఒరిపిడికి కురుపులు వస్తాయి. ఇది అమ్మేటప్పుడు ఎంతమంది చెబుతున్నారు? అరగంట ప్రయాణానికి అది అక్కర్లేదు. కూర్చునే చోట నొప్పి పుడితే ముందు సీటు ఎత్తు చూసుకోండి, వాలు చూసుకోండి, మీ ఒంటికి సరిపడా వెడల్పు ఉందో లేదో చూసుకోండి.

ఆడవాళ్లకైతే ఇంకో తలనొప్పి. బిగుతుగా వేసుకుంటే "బాగుండదమ్మా" అని పిన్ని. వదులుగా వేసుకుంటే "ఇలా అయితే ఏమి తొక్కుతారు మేడమ్" అని దుకాణంవాడు. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది పల్లెటూరి ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. చీరలతోనే తొక్కారు. నెదర్లాండ్స్‌లో జనం కోటుతో, గౌనుతో మామూలుగా తొక్కుతారు. ఎందుకంటే అక్కడి సైకిలుకు గొలుసు పూర్తిగా మూసి ఉంటుంది, వెనక చక్రానికి పక్కన అడ్డు ఉంటుంది. మన దేశంలో మోటారు సైకిలు వెనక చక్రానికి అడ్డు ఉండాలని నిబంధనే ఉంది. సైకిలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గేర్లున్న సైకిలు గొలుసు బోసిగా వదిలేసి, మన బట్టల్ని మార్చుకోమంటారు. గొలుసుకు తొడుగు వేయడం కష్టమా, ఊళ్లో ఆడవాళ్లందరి బట్టలు మార్చడం కష్టమా?

వదులులో నేను ఒప్పుకోనిది ఒక్క చున్నీనే. భుజాల మీద అలా వదిలేసి ఎవరూ సైకిలు ఎక్కవద్దు. చక్రంలో పడితే మెడకే వస్తుంది. అడ్డంగా వేసి నడుము దగ్గర గట్టిగా ముడి వేయండి, లేదా సంచిలో పెట్టేయండి. కుర్తీకి పక్క చీలిక మోకాలికి బాగా పైన మొదలవ్వాలి, పలాజో అయితే రెండు కాళ్లకూ అడుగున రబ్బరు బ్యాండు వేయాల్సిందే.

ఇంత చెప్పాక నాకు మిగిలిన ఫిర్యాదు జేబులు. ముందు జేబులో ఫోను పెట్టుకుంటే తొక్కేటప్పుడల్లా తొడకు పొడుచుకుంటుంది, వెనక పెట్టుకుంటే జారుతుంది. ఆడవాళ్ల పాంట్లకు ఆ మాత్రం జేబు కూడా ఉండదు. తొడకు బయటి వైపు, కాస్త వెనగ్గా, మూత ఉన్న లోతైన జేబు ఒకటి కుట్టమని మా టైలరు గారికి మళ్లీ బొమ్మ గీసి ఇచ్చాను. సంక్రాంతి బట్టల రద్దీ తగ్గాక రమ్మన్నారు.