మహారాజశ్రీ పోకర్ పరిభాష గారికి

అయ్యా,

మీ మీద మా ఫిర్యాదు ఒక్కటే. బ్లఫ్ చేయాల్సింది ఆటగాళ్లు. మీ దగ్గర మాటలే ఆ పని చేస్తున్నాయి.

ముక్కూ మొహం తెలియని మాటలైతే అర్థం అడిగి సర్దుకుపోయేవాళ్లం. మీరు వాడేవన్నీ మా నోళ్లలో నానినవే కావడం వల్ల వచ్చింది తంటా. ఫ్లాప్ అంటే మాకు డబ్బాలు వెనక్కి వచ్చేసిన సినిమా. మీకేమో తలా రెండు ముక్కలు పంచాక అందరికీ ఉమ్మడిగా బల్ల మధ్యలో ఒకేసారి తెరిచే మూడు ముక్కలు, అంటే ఆట రక్తికట్టేది అక్కడే. అవుట్ అంటే బ్యాటు చంకన పెట్టుకుని వెళ్లిపోవడం. మీకేమో ఓడిపోతున్నవాణ్ని గట్టెక్కించే ముక్క. అవుట్లు ఎన్ని ఎక్కువుంటే అంత అదృష్టవంతుడట. డ్రా అంటే ఇద్దరూ సమానమని అనుకుంటాం కదా, మీ డ్రా ఇంకా ఏమీ కాని చెయ్యి, ఏదో అవుతుందన్న ఆశ. నిజంగా సమానమైన రోజున దానికి చాప్ అని ఇంకో పేరు పెట్టారు. మీ చెక్కు మీద ఎవరూ సంతకం చేయరు. పైసా పెట్టకుండా వంతు దాటించుకోవడమే చెక్. ఎవరూ ఇంకా పందెం పెట్టనప్పుడే అది చెల్లుతుంది. పెట్టాక మిగిలేవి మూడే: కాల్, రైజ్, ఫోల్డ్. అంటే సమానంగా కట్టడం, పెంచడం, ముక్కలు కింద పడేయడం.

కుర్చీలకు కూడా పేర్లేమిటండీ? బటన్ అంటే చొక్కాది కాదు, పంచేవాడి స్థానానికి గుర్తుగా పెట్టే బిళ్ల. ప్రతి ఆటకూ ఒక కుర్చీ ఎడమకు జరుగుతుంది. దాని ఎడమన స్మాల్ బ్లైండ్, ఆ పక్కన బిగ్ బ్లైండ్. ముక్కలు చూడకముందే ఒకరు 50 చిప్స్, ఒకరు 100 కట్టాలి. గుడ్డిగా కట్టేది కాబట్టి ఈ ఒక్క పేరూ న్యాయంగానే ఉంది. ఆ తర్వాతి కుర్చీ అండర్ ద గన్. ఫ్లాప్‌కు ముందు మొదట నోరు విప్పాల్సింది ఆ కుర్చీలోవాడే. తొమ్మిదిమంది బల్లైతే మిగతా ఎనిమిదిమంది మనసులో ఏముందో తెలియకుండా మాట్లాడాలి. అందుకే రంగు (ఇస్పేటు, ఆఠీను లాంటి గుర్తు) కలవని ఆసు-పది బటన్ మీద కూర్చుంటే రైజ్‌కు పనికొస్తుంది, తుపాకీ ముందు కూర్చుంటే ఫోల్డ్‌కు పనికొస్తుంది. ముక్కలు అవే, కుర్చీ మారింది. ఇదంతా అలవాటయ్యేసరికి బల్ల దగ్గర ఇద్దరే మిగులుతారు, అప్పుడు మీరు ప్లేటు ఫిరాయిస్తారు. బటన్ ఉన్నవాడే స్మాల్ బ్లైండ్ కట్టాలి, ఫ్లాప్‌కు ముందు వాడే మొదట ఆడాలి, ఆ తర్వాత ప్రతిసారీ వాడే చివర ఆడాలి. పెద్ద పోటీల్లో గట్టిగా ఆడినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

ప్రతి దశకూ ముందు ఒక ముక్కను బర్న్ చేస్తారు. నిప్పూ లేదు, పొగా లేదు. పై ముక్కను బోర్లాగానే పక్కన పెట్టడం. ఆ పై ముక్క వెనక ఎవడైనా గుర్తు పెట్టి ఉంటే వాడి ఎత్తు పారకుండా చేసిన ఏర్పాటు. ఇది మాత్రం తెలివైన పని. ఫ్లాప్ తర్వాత నాలుగో ముక్క టర్న్, అయిదోది రివర్. రివర్‌లో నీళ్లుండవు, మునిగేవాళ్లకు కొదవుండదు.

మీ అంకెలు మరీ ఘోరం. ఒకడు రైజ్ చేశాడు, దానిమీద ఇంకొకడు రైజ్ చేశాడు. వేళ్లు మడిస్తే రెండు. మీరు దాన్ని త్రీ-బెట్ అంటారు. బిగ్ బ్లైండ్ మొదటి బెట్ అట, రైజ్ రెండోదట. సరే, తప్పనిసరై కట్టిన చిల్లరను కూడా పందెంగా లెక్కేసుకునే పెద్దమనిషి ఎవరో గానీ, ఆయనకో దండం. బిగ్ బ్లైండ్ 100 ఉన్నప్పుడు ఒకడు 300 చేశాడనుకోండి. కొత్తవాడు రెట్టింపు పెట్టాలేమోనని 600 తోస్తాడు. కనీసం కావలసింది 500. ముందువాడు పెంచింది 200 కాబట్టి ఇంకో 200 పెంచితే సరిపోతుంది.

ఇక సినిమాలు నేర్పిన పాపం. హీరో కళ్లజోడు సర్దుకుని "నీ వంద చూశాను..." అని, కాస్త ఆగి, "దానిమీద ఇంకో అయిదొందలు!" అంటాడు. హాలంతా ఈలలు. నియమాలు పాటించే ఏ బల్ల దగ్గరైనా ఈ డైలాగు విలువ వంద మాత్రమే. మొదటి మాటతోనే అది కాల్ అయిపోయింది. మిగతాది స్ట్రింగ్ బెట్: ఎదుటివాడి మొహంలో రంగులు చూస్తూ పందాన్ని వాయిదాల్లో పెట్టడం. చెల్లదు. ముందు రైజ్ అనేసి ఆ తర్వాత మొత్తం చెప్పాలి, లేదా చిప్స్ అన్నీ ఒకే కదలికలో ముందుకు తోయాలి. దీనికి తోడు ఒంటి చిప్ నియమం ఒకటి. ఎదుటి పందెం 100. మీరు నోరు విప్పకుండా 500 విలువైన ఒకే చిప్ విసిరారు. గుండెలో ఉన్నది రైజే కావచ్చు. బల్ల మీద అది కాల్, 400 తిరిగి చేతికిస్తారు. కాబట్టి ముందు నోరు, తర్వాత చెయ్యి.

ఆల్-ఇన్, అంటే ఉన్నదంతా ఒడ్డేయడం విషయంలోనూ అదే తెర మీద చదువు. వాచీ, కారు తాళాలు, ఇంటి పత్రాలు బల్ల మీదికి వస్తాయి. టేబుల్ స్టేక్స్ ఆటలో పంపకం మొదలైనప్పుడు మీ ముందున్న చిప్సే లెక్క. మధ్యలో జేబులోంచి ఏదీ రాదు, తక్కువ ఉందని ఆటలోంచి గెంటేసేదీ లేదు. ఆ తక్కువకే సైడ్ పాట్, అంటే పందెం డబ్బుకు పక్క కుప్ప పుట్టింది. ముగ్గురు ఆల్-ఇన్ అన్నారు, ఒకరి దగ్గర 200, ఇంకొకరి దగ్గర 500, మూడోవారి దగ్గర 900. అతి తక్కువ ఉన్నవాడితో మొదలుపెట్టాలి. అందరి నుంచీ 200 చొప్పున తీస్తే 600, అది మెయిన్ పాట్, ముగ్గురిదీ. మిగిలిన ఇద్దరి నుంచి 300 చొప్పున తీస్తే మరో 600, అది సైడ్ పాట్, వాళ్లిద్దరిదే. మూడోవాడి దగ్గర మిగిలిన 400కు పోటీ లేదు, వెనక్కి వెళ్లిపోతుంది. 200 పెట్టినవాడి చెయ్యి ఎంత గొప్పదైనా మెయిన్ పాట్ దాటి ఒక్క చిప్ రాదు. కలిపి ఒకే కుప్పగా పోశాక విడదీయబోతే తగువు తప్పదు, అందుకే ఒక్కో కుప్ప కట్టి పక్కన పెట్టాకే తర్వాతి ముక్క తెరుస్తారు.

చేతుల పేర్ల జోలికి వస్తే, ఫ్లష్ అనగానే ఎవరికి ఏం గుర్తొస్తుందో మీకూ తెలుసు. ఒకే రంగు అయిదు ముక్కలు అంత చులకనైపోయాయా? ఫుల్ హౌస్ అంటే ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు. ఫ్లష్ కంటే ఇదెందుకు పెద్దదని అడిగేవాళ్లకు మీరు కోపంగా చూస్తారు గానీ జవాబు చిన్నదే: 52 ముక్కల్లోంచి అయిదు తీసే దారులు 25,98,960. వాటిలో ఫ్లష్‌లు 5,108, ఫుల్ హౌస్‌లు 3,744. అరుదైనదే పెద్దది. పది నుంచి ఆసు దాకా ఒకే రంగులో వచ్చే రాయల్ ఫ్లష్‌లు నాలుగే నాలుగు.

సెట్, ట్రిప్స్ అని రెండు పేర్లెందుకు అంటే ఇక్కడ మాత్రం మీ పక్షమే. రెండూ మూడు ఒకేలాంటి ముక్కలే. చేతిలో జత ఉండి మూడోది బల్ల మీద పడితే సెట్, బల్ల మీద జత ఉండి మూడోది చేతిలో ఉంటే ట్రిప్స్. సెట్ ఎవరికీ కనబడదు. ట్రిప్స్ జత అందరి కళ్లముందూ ఉంటుంది, పైగా నాలుగో ముక్క ఎదుటివాడి చేతిలో ఉండే ప్రమాదమూ ఉంది. అప్పుడు తేల్చేది తరచుగా కిక్కర్, అంటే పక్క ముక్క. ఈ కిక్కర్ మీద పెట్టుకునే నమ్మకానికీ ఒక హద్దుంది. బల్ల మీద రంగులు కలవని ఆసు, రాజు, రాణి, జాకీ, ఏడు. మీ చేతిలో ఆసు-తొమ్మిది, ఎదుటివాడి చేతిలో ఆసు-నాలుగు. తొమ్మిది పెద్దది కదా అని చిప్స్ మీదికి చెయ్యి చాచకండి. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి మేలైన అయిదు ముక్కలే లెక్క: ఇద్దరిదీ ఆసుల జత, రాజు, రాణి, జాకీ. చాప్.

ఇప్పుడు అసలు విషయం. మీ గంభీరమైన మాటల్లో సగం వెనక దాక్కున్నది హైస్కూలు లెక్క. పాట్ ఆడ్స్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. కుప్పలో 100 ఉంది, ఎదుటివాడు 50 పెట్టాడు. మీరు 50 కడితే కుప్ప 200 అవుతుంది. 200లో మీ 50 పావు వంతు, కాబట్టి నాలుగింట ఒకసారైనా గెలిచే చెయ్యి ఉంటేనే కట్టాలి. కుప్ప మొత్తానికి సమానంగా పందెం వస్తే మూడింట ఒకసారి. రెండో పక్క అవుట్లు. ఫ్లాప్ తర్వాత చేతిలో, బల్ల మీద కలిపి నాలుగు ఇస్పేట్లు కనబడితే ఇంకా 9 మిగిలి ఉన్నాయి. రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో గుణించు, ఒక్కటే అయితే రెండుతో గుణించు అని మీరు నేర్పుతారు. గెలిచే అవకాశం 36, 18 శాతం అని వస్తాయి. అసలు విలువలు 35, ఇంచుమించు 19. నోటిలెక్కకు చాలు. స్ట్రెయిట్ అంటే వరస అంకెల అయిదు ముక్కలు, రెండు వైపులా తెరిచున్న స్ట్రెయిట్ డ్రాకు 8 అవుట్లు. మధ్యలో ఒక ముక్క లోపించిన గట్‌షాట్‌కు 4 మాత్రమే, రెండు ముక్కలొచ్చినా పదహారు శాతానికి కాస్త ఎక్కువ. బ్యాక్‌డోర్ ఫ్లష్ అని పెరటి గుమ్మం చూపిస్తారు చూడండి, వరసగా రెండూ అదే రంగు పడాలి, 4 శాతం. ఆ గుమ్మంలోంచి ఇల్లు చేరినవాళ్ల కంటే తల గుద్దుకున్నవాళ్లే ఎక్కువ.

ఈ గుణకారంలో మీరు చెప్పని మెలికలు రెండు. నాలుగుతో గుణించడం రివర్ దాకా ఇక డబ్బు కట్టనక్కర్లేనప్పుడే, అంటే ఎవరో ఒకరు ఆల్-ఇన్ అయినప్పుడే నిజం. టర్న్ మీద మళ్లీ పందెం పడేట్టుంటే మీరు కొన్నది ఒక్క ముక్కే. పైన చెప్పిన 50 కట్టడానికి 25 శాతం కావాలి, ఒక్క ముక్కకు మీకున్నది 19. ఈ తేడాను పూడ్చడానికి మీరు ఇంప్లైడ్ ఆడ్స్ అనే మాట కనిపెట్టారు: ముక్క పడ్డాక ఎదుటివాడు ఇంకా కడతాడన్న అంచనా. వాడి దగ్గర చిప్స్ ఉండి, వదలని రకమైతే అది లెక్కే. లేకపోతే గాలిలో మేడ. రెండో మెలిక, అవుట్లు ఎక్కువైతే నాలుగుతో గుణకారం కోతలు కోస్తుంది. ఫ్లష్‌కూ స్ట్రెయిట్‌కూ కలిపి ఆశ ఉంటే 9, 8 కలిపి 17 కాదు, రెండింటికీ పనికొచ్చే రెండు ముక్కలు తీసేస్తే 15. నాలుగుతో గుణిస్తే 60, నిజం 54. ఇంకోటి కూడా: మీకు ఫ్లష్ తెచ్చే ముక్కే బల్ల మీద జత కట్టి ఎదుటివాడి సెట్‌ను ఫుల్ హౌస్ చేస్తే, అది మీ అవుట్ కాదు, వాడిది.

లెక్క తప్పినవాళ్ల కోసం మీరో ఓదార్పు విభాగం నడుపుతున్నారు. బ్యాడ్ బీట్, కూలర్, టిల్ట్, పాట్ కమిటెడ్. చాలా ముందున్న చెయ్యి ఓడితే బ్యాడ్ బీట్. ఎవరైనా అలాగే ఆడేంత పెద్ద చేతులు రెండు ఢీకొంటే కూలర్. ఆసుల జత, రాజుల జత ఫ్లాప్‌కు ముందే తలపడితే కూలరైంది రాజులవాడికి. ఆ ఆటలో ఆసులు గెలిచేది ఇంచుమించు 82 శాతం. అయిదారు సార్లకొకసారి ఓడటం వాటి జాతకంలోనే రాసుంది. అయినా గట్‌షాట్‌కు మూడు దశల పందెం కట్టి ఓడినవాడు కూడా బ్యాడ్ బీట్ అనే అంటాడు, మీరు వారించరు. ఓడిన కసిలో బుద్ధి తప్పి ఆడటం టిల్ట్. ఆ మాట పిన్‌బాల్ యంత్రం నుంచి తెచ్చుకున్నారు, యంత్రాన్ని కుదిపితే అది మొరాయిస్తుంది. మనిషి మొరాయించడు, ఇంకా వేగంగా ఆడతాడు. పాట్ కమిటెడ్ మరీ మోసం. మిగిలిన చిప్స్ కుప్పతో పోలిస్తే చాలా తక్కువైనప్పుడు పాట్ ఆడ్సే కట్టమంటాయి, దానికి వాడాల్సిన మాట. ఇప్పటికే చాలా పెట్టేశాను కదా అన్న దిగులుకు వాడుతున్నారు. పెట్టింది ఇక మీది కాదు, కుప్పది.

ముద్దుపేర్ల గురించి ఎక్కువ రాయం. పది-రెండుకు అమెరికా ఆటగాడు డాయిల్ బ్రన్సన్ పేరు పెట్టారు. 1976, 1977 ప్రపంచ పోటీల చివరి ఆటలు రెంటినీ ఆయన ఆ ముక్కలతోనే గెలిచారు కాబట్టి. అందులో గొప్పతనం బ్రన్సన్‌ది, పది-రెండుది కాదు. పేరు చూసి ఆడేవాళ్లకు ఆ సంగతి చెప్పండి. నల్ల ఆసులు, నల్ల ఎనిమిదులకు చచ్చినవాడి చెయ్యి అన్నారు, 1876లో అమెరికాలోని డెడ్‌వుడ్‌లో తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను కాల్చినప్పుడు ఆయన చేతిలో అవే ఉన్నాయని. ఆ ముక్కల కథ ఆయన పోయిన దశాబ్దాలకు గాని ప్రచారంలోకి రాలేదు. అయిదో ముక్క ఏదన్నది ఇప్పటికీ తేలలేదు.

ఇట్లు,
అండర్ ద గన్ కుర్చీలో కూర్చున్నవాళ్లు

తా.క. ఆట అయిపోయాక రాబోయిన ముక్క ఏదో తెరిచి చూపించమనడాన్ని మీరు కుందేలు వేట అంటారట. అది ఆట జాగు చేసే చెడ్డ అలవాటు, చాలా బల్లల దగ్గర ఒప్పుకోరు. మేమూ దానికి వ్యతిరేకులమే. ఇస్పేటు డ్రా మీద పద్ధతిగా లెక్క వేసుకునే ఫోల్డ్ చేశాం. ఇంతకీ... ఇస్పేటే పడేదా?