నరాలు చూసి రంగు చెప్పబడును

మా వైపు పెళ్లి సంబంధాల్లో ఆడపిల్ల ఒంటి రంగులు రెండే: తెలుపు, చామనఛాయ. నలుపు అనే మాట పెళ్లిళ్ల పేరయ్యల నోట రాదు. "పిల్ల కళగ ఉంటది" అన్నారంటే అదే అన్నమాట. ఈ లెక్కతోనే నలభై ఏళ్లు నెట్టుకొచ్చాను. మొన్న హన్మకొండ చౌరస్తాలో మెటాలిక్ నెయిల్ పాలిష్ కొనబోతే తెలిసింది, పైరంగు కాదు, లోరంగు ముఖ్యమట. దాని పేరు అండర్‌టోన్.

కనుక్కోవడం సులువే. మణికట్టు లోపలివైపు నరాలు పచ్చగా కనిపిస్తే వార్మ్; బంగారం, రాగి, కంచు ఛాయలు నప్పుతాయి. నీలంగానో ఊదాగానో ఉంటే కూల్. వెండి, స్టీలు రంగులు తీసుకోవాలి. రెండూ కనిపిస్తే న్యూట్రల్, ఏదైనా చెల్లుతుంది. నా నరాలు షాపులో ట్యూబ్‌లైటు కింద పచ్చగా ఉన్నాయి. బయటికొస్తే నీలం. గడప మీద నిలబడితే రెండూ. "పగటి వెలుతుర్లనే చూడాలె మేడం" అన్నాడు షాపు అబ్బాయి. సరేనని రోడ్డు మీదికొచ్చి చెయ్యి పైకెత్తి చూసుకుంటుంటే రెండు ఆటోలు ఆగాయి.

నరాలు తేల్చకపోతే నగలు తేలుస్తాయట. ఒంటికి బంగారం నప్పుతుందా, వెండి నప్పుతుందా? తులం లక్ష దాటాక బంగారం నప్పనివాళ్లు వరంగల్‌లో ఎవరూ మిగల్లేదు. కాకపోతే నాది తాకట్టులో ఉంది, దానికి బ్యాంకే నప్పింది. ఇక ఒంటి మీదున్న వెండి కాలి మెట్టెలే. కాబట్టి నా పాదాలు కూల్ అని తేలింది. చేతుల సంగతి విచారణలో ఉంది.

పేర్లు మరో గోల. షాంపేన్ గోల్డ్ అట! షాంపేన్ ఏ రంగులో ఉంటుందో చౌరస్తాలో ఎంతమంది చూశారు? పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ అని రాస్తే ఒక్క ముక్కలో అర్థమయ్యేది. రెండింటికీ ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉందాయె. పేరుకు గోల్డే గానీ సీసాలో తళుక్కుమనేది అభ్రకం, అల్యూమినియం లాంటి పలుకులు. వన్‌గ్రామ్ గోల్డ్‌తో పెళ్లిళ్లు చేసినవాళ్లం, దానికి మనకేం అభ్యంతరం లేదు.

అసలు పరీక్ష వేసుకునేటప్పుడు. మామూలు రంగు గోటి మీది గీతల్ని కప్పిపెడుతుంది. మెటాలిక్ మాత్రం పెళ్లికొచ్చిన మేనత్త లాగా అన్నీ బయటపెడుతుంది. గోరు నున్నగా రుద్ది, బేస్ కోటు వేసి, మొదట్నుంచి కొసదాకా ఒకే వైపు పల్చగా లాగాలి. మధ్యలో చెయ్యి వణికితే బ్రష్ చారలు అట్లాగే మిగులుతాయి. ఎడమ చేతికి బాగానే కుదిరింది. కుడిచెయ్యి మాత్రం నాగలితో దున్నినట్టు వచ్చింది.

చివరికి కంచు రంగే ఖాయం చేశాను. నా ఛాయకు అచ్చుగుద్దినట్టు సరిపోయిందని నాకు నేనే మురిసిపోయి, సద్దుల బతుకమ్మకు అమ్మగారింటికి పోయాను. తాంబాళం చుట్టూ అందరం కూర్చున్నాం. అక్క గునుగు పువ్వుకు గులాబీ రంగు అద్దుతోంది, దాని అండర్‌టోన్ ఎవరూ అడగలేదు. తంగేడు అందిస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని, కళ్లద్దాలు సరిచేసుకుని, వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఏంది బిడ్డా, గోర్లకు గింత చిలుం పట్టింది? జర చింతపండు పెట్టి తోమరాదు!"