డాక్టరు గారి ఎదుట అడగదగిన ఒకే ఒక్క ప్రశ్న

విశాఖపట్నం వాసులకు ప్రశ్నించడం రాదని ఎవరైనా అంటే, వారు ఈ ఊరి ఫిషింగ్ హార్బరులో ఒక్కసారైనా చేప కొని ఉండరని నేను నిస్సంకోచంగా చెప్పగలను. వంజరం మొప్ప ఎత్తి ఎరుపు చూసి, వేలితో నొక్కి, వాసన పట్టి, ఇది ఇవాళ్టి వేటేనా లేక ఐసులో రెండు రోజులు పడుకుని లేచిందా అని మూడు మార్లు అడిగి, జవాబు నచ్చక పక్క బుట్ట దగ్గరికి పోయే మనిషి, అదే సాయంత్రం రామ్‌నగర్‌లో ఒక డాక్టరు గారి ఎదుట స్టూలు మీద కూర్చుని, తన సొంత కాలేయం గురించి ఆయన చెప్పిన మాటను మారుమాట లేకుండా మడిచి జేబులో పెట్టుకుని వచ్చేస్తాడు. ఈ వినయాన్ని కొందరు సంస్కర్తలు లోపంగా చూస్తున్నారు. రోగి తన రోగ నిర్ధారణను ప్రశ్నించాలట. ప్రజాశాంతికి భంగకరమైన ఈ వాదాన్ని ఖండించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

నిజానికి మన రోగికి ప్రశ్నలే లేవనడం అన్యాయం. ఒకటి ఉంది. చీటీ రాయడం పూర్తయి, డాక్టరు గారి చెయ్యి బల్ల మీది గంట వైపు కదిలిన క్షణంలో, అతను లేవబోతూ లేవబోతూ "ఏం తినవచ్చునండీ?" అని అడుగుతాడు. చికెన్, వంకాయ, గుడ్డు, పెరుగు అనే నలుగురు ముద్దాయిల సంగతి తేలితే చాలు. జబ్బు పేరేమిటో, ఏ ఆధారంతో ఆ పేరు పెట్టారో అతనికి అక్కరలేదు. డాక్టరు గారు కూడా ఈ ప్రశ్నకు ఎంతో ప్రసన్నంగా జవాబిస్తారు.

పథ్యం విషయంలో అయినా ఆయన మాటే చివరిది కావాలి గదా అని మీరు అనవచ్చు. అక్కడ ఒక చిన్న ఇబ్బంది జరిగింది. కడుపులో పుండుకు కారణం కారమూ కంగారూ అని కొన్ని తరాల పాటు చెప్పారు. ఎన్నో ఇళ్లలో ఆవకాయ జాడీలు అటకెక్కాయి. అంతలో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు, ఆ పుండ్లలో చాలావాటికి కారణం ఒక సూక్ష్మజీవి అన్నారు. తోటి వైద్యులు నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు కలిపిన ద్రవాన్ని తానే తాగి, కడుపు పాడుచేసుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆవకాయకు మాత్రం నేటి వరకూ ఎవరూ క్షమాపణ చెప్పలేదు. డాక్టర్లను ప్రశ్నించడానికి సాటి డాక్టరే అంతటి పానీయం పుచ్చుకోవలసి వచ్చినప్పుడు, రోగి ప్రశ్నించాలంటే ఏం తాగవలసి ఉంటుందో సంస్కర్తలు ముందుగా ప్రకటించాలి.

నా స్వానుభవం ఒకటి విన్నవిస్తాను. కిందటి వర్షాకాలంలో నాకు జ్వరం వచ్చింది. రెండో రోజు ఒక క్లినిక్కుకు వెళ్లాను. పేరు చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు. రక్తం తీశారు. గంటలో వైడాల్ పరీక్ష కాగితం వచ్చింది, దాని మీద ఒక అంకె కింద గీత గీసి ఉంది, డాక్టరు గారు ఆ గీతను చూసి "టైఫాయిడ్" అన్నారు. ఐదు రోజుల ఇంజెక్షన్లు రాశారు. నేను ఎంతో క్రమశిక్షణతో పెరుగు సంగతి ఒక్కటే అడిగి బయటికి వచ్చాను. వివాదం మందుల షాపులో మొదలైంది. చీటీ చూసిన కుర్రవాడు, "ఎన్నాళ్ల నుంచి జ్వరమండీ?" అన్నాడు. నిన్నటి నుంచి అన్నాను. "అప్పుడే టైఫాయిడ్ తెలిసిపోయిందా?" అన్నాడు. కన్సల్టేషన్ ఫీజు ఒక్క రూపాయి కూడా తీసుకోని మనిషి ఇలాంటి ప్రశ్న వేయడం ఎంత దుస్సాహసమో చూడండి.

ఆ కుర్రవాడి వల్ల నేను చదవకూడనివి చదివాను. వైడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1896లో కనిపెట్టిన ఆ పరీక్ష క్రిమిని వెతకదు. క్రిమి మీద మన శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను వెతుకుతుంది. అవి లెక్కకు అందేంతగా పెరగడానికి సాధారణంగా వారం దాకా పడుతుంది. మన వంటి ప్రాంతాల్లో వెనుకటి జ్వరం వల్లనో, టీకా వల్లనో, మరొక జబ్బు వల్లనో కూడా అంకె పెరిగి కనిపించవచ్చు. అందుకే ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్ముకోవద్దని, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీసి, అందులోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపడం మేలని వైద్య గ్రంథాలే చెబుతాయి. అయితే కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, మనకు పేరు సాయంత్రానికే కావాలి. పేరు లేని జ్వరంతో ఇంటికి వెళితే మన వాళ్లు ఆ డాక్టరుకు హస్తవాసి లేదంటారు. కాబట్టి ఈ నేరంలో నాకూ వాటా ఉందని ఒప్పుకుంటున్నాను, కానీ ఇది విషయాంతరం.

నా వాదం ఏమిటంటే, ప్రశ్నలకు ఈ ఊళ్లో లోటు లేదు. అవి డాక్టరు గారి గది బయట పుడతాయి, అంతే. గదిలో మూగబోయిన రోగికి గడప దాటగానే వాక్కు వస్తుంది. ఆటోలో పక్క మనిషిని అడుగుతాడు, ఫోనులో గూగుల్‌ను అడుగుతాడు, మర్నాడు పొద్దున్నే బీచ్ రోడ్డుకు వెళతాడు. అక్కడ సముద్రానికి ఎదురుగా సిమెంటు బల్లల మీద, పోర్టులోనూ స్టీల్ ప్లాంటులోనూ పదవీ విరమణ చేసిన పెద్దలు ప్రతి ఉదయం మెడికల్ బోర్డుగా సమావేశమవుతారు. జీవితమంతా క్రేన్లు నడిపిన వారు క్రియాటినిన్ మీద తీర్పులిస్తారు. ఒకరు మాత్ర ఆపేయమంటారు, మరొకరు సగం వేసుకోమంటారు, మూడో ఆయన తన తోడల్లుడికి సరిగ్గా ఇలాగే అయితే మెంతులతో పోయిందంటారు. రోగి అందరి మాటా పాటిస్తాడు. ఆ సంగతి తెలియవలసిన ఏకైక వ్యక్తికి మాత్రం తెలియదు. పది రోజుల తరువాత బీపీ చూసి, మందు పనిచేయడం లేదనుకుని ఆయన మోతాదు పెంచుతారు. ఇంత చక్కగా నడుస్తున్న వ్యవస్థను చెడగొట్టి, ప్రశ్నను గది లోపలికి తీసుకురమ్మనడం ఏమి న్యాయం?

శాస్త్ర ప్రమాణం కావాలంటే "వైద్యో నారాయణో హరిః" ఉండనే ఉంది. కొందరు గిట్టనివారు శ్లోకం మొత్తం చదివి చిక్కు తెచ్చిపెడుతున్నారు. శరీరం శిథిలమై వ్యాధి కమ్మేసినప్పుడు ఇక గంగాజలమే ఔషధం, నారాయణుడే వైద్యుడు అని దాని తాత్పర్యమట. అంటే అది డాక్టరును దేవుణ్ణి చేసిన శ్లోకం కాదు, డాక్టరు చేతులెత్తేసిన తరువాత దేవుడికి కేసు అప్పగించిన శ్లోకం. అందుకే క్లినిక్కు గోడల మీద చివరి పాదం మాత్రమే రాయించడం ఉత్తమమని నా అభిప్రాయం.

గోడల మాట వచ్చింది గనుక చెబుతున్నాను. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బు గురించి తెలుసుకోవడం, మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం అందులోవే. వైద్యుల నడవడికపై 2002 నాటి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇవన్నీ గోడకు తగిలిద్దామంటే చోటు లేదు. చెప్పులు బయట విడవమనే బోర్డు, సెల్‌ఫోన్ ఆపమనే బోర్డు, వైద్యులపై దాడి చేస్తే 2008 నాటి చట్టం కింద మూడేళ్ల వరకు జైలు అని హెచ్చరించే బోర్డు అక్కడ ముందే ఉన్నాయి. ఈ మూడోది అవసరమైన బోర్డు, ఎగతాళి చేయను. మనకు తెలిసిన పద్ధతులు రెండే: రోగి బతికి ఉన్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడడం, పోయాక అద్దాలు పగలగొట్టడం. రెంటికీ నడుమ "ఎందుకండీ?" అనే మాట ఒకటి ఉందని మనకు ఎవరూ నేర్పలేదు, డాక్టర్లకు వినడమూ ఎవరూ నేర్పలేదు.

వినడానికి వారికి వ్యవధి ఏది? 67 దేశాల లెక్కలు కూర్చి 2017లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం, ప్రాథమిక వైద్యుడు ఒక రోగికి ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. మన దేశం రెండు నిమిషాల దగ్గర ఉంది. శ్రీకాకుళం నుంచి కొరాపుట్ దాకా ఉన్న జనమంతా 1923 నుంచి ఆశ పెట్టుకున్న మన కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఓపీలో నిలబడి చూస్తే, ఆ రెండు నిమిషాలు కూడా ఉదారమైన లెక్కేనేమో అనిపిస్తుంది. కనుక ప్రశ్నకు సుంకం విధించాలని ప్రతిపాదిస్తున్నాను. వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఎలాగూ ఉంది. ప్రశ్నకు 18 శాతం వేస్తే వరస ముందుకు కదులుతుంది.

ఇంజెక్షన్లు పూర్తయ్యాక అదే క్లినిక్కుకు మళ్లీ వెళ్లాను. మా బావగారు బలవంతాన ఒక కాగితం మీద ప్రశ్న రాయించి జేబులో పెట్టించారు: "రెండో రోజు వైడాల్‌తో ఎలా తేల్చారు?" తరువాతి టోకెను వారిని ముందే లోపల బల్ల మీద కూర్చోబెట్టడం అక్కడి ఆచారం. నా ముందు ఒక ముసలావిడ ఉంది, పలాస దగ్గరి పల్లె నుంచి కూతురి ఇంటికి వచ్చిందట. గుండె కింద మంట అంటే డాక్టరు గారు గ్యాస్ అన్నారు, చీటీ రాస్తున్నారు. ఆవిడ పెరుగు ఊసెత్తలేదు.

"గేసయితే సింహాచలం మెట్లెక్కినప్పుడే ఎందుకొస్తాది బాబూ? కూకుంటే తగ్గిపోతాది. ఇది గేసు కాకపోతే మరింకేటై ఉంటాది?"

డాక్టరు గారి కలం ఆగింది. ఆయన తల ఎత్తి ఆవిడను, ఆ గదిలోకి వచ్చిన తరువాత మొదటిసారిగా అనుకుంటాను, చూశారు. ఎన్ని మెట్లకు వస్తుందో, ఎడమ చేతికి లాగుతుందో లేదో, చెమట పడుతుందో లేదో అడిగారు. రాసిన చీటీ చింపేసి ముందు ఈసీజీ తీయించమన్నారు. దీనికంతటికీ తొమ్మిది నిమిషాలు పట్టింది. తలుపు అవతల జనం గొణుగుతున్నారు. నేను కూడా వారికి వినిపించేలా నిట్టూర్చి గడియారం చూసుకున్నాను.

నా వంతు వచ్చింది. డాక్టరు గారు నాడి చూసి, నాలుక చూసి, ఆ రోజు ఎందుకో కలం కింద పెట్టి, "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. నా చెయ్యి జేబులోకి వెళ్లింది. కాగితం వేళ్లకు తగిలింది.

"ఇప్పుడు పెరుగు తినవచ్చునా అండీ?" అన్నాను.