సర్వర్ వాళ్లది, కంప్యూటర్ మనది, పూచీ ఎవరిది?

హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టు సంస్థ ద్వారా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన మా బంధువుల కుర్రాడు ఆ మధ్య ఒక ఒప్పంద పత్రం తెచ్చి చూపించాడు. ఇంటి దగ్గర పనిచేయడానికి సొంత ల్యాప్‌టాప్‌నే వాడుకోవాలి, కంపెనీ చెప్పిన సాఫ్ట్‌వేర్ అందులో వేసుకోవాలి, అవసరమనుకుంటే కంపెనీ దూరం నుంచే ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేయవచ్చు, దాని ద్వారా సమాచారం బయటికి పొక్కితే బాధ్యత ఉద్యోగిదే అని అందులో రాసి ఉంది. చదివే సంతకం పెట్టావా అని అడిగితే "అందరూ పెట్టారు బాబాయ్" అన్నాడు. ఆ ల్యాప్‌టాప్ అతడు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చింది. పగలు అతడి ఆఫీసు, రాత్రి చెల్లెలి మాక్ టెస్టులు అందులోనే నడుస్తాయి. అందులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు, అంటే భద్రతా లోపాలకు మామూలుగా పంపే మరమ్మతులు, 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 వేసుకుందామంటే ఆ యంత్రం అందుకు సరిపోదు.

ఇంటి కంప్యూటర్‌ను కంపెనీ ప్రైవేటు సర్వర్లకు, అంటే దాని సమాచారమంతా ఉండే కేంద్ర కంప్యూటర్లకు, కలపడంలో ఉన్న ముప్పు గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఉపన్యాసం వినాల్సింది ఉద్యోగే. పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకో, తెలియని లింకులు నొక్కకు, అప్‌డేట్లు వాయిదా వేయకు అంటూ ఏడాదికోసారి శిక్షణ ఇచ్చి, చివర్లో పది ప్రశ్నల పరీక్ష పెట్టి చేతులు దులుపుకుంటారు. నా దృష్టిలో ఇది శిక్షణకు సంబంధించిన సమస్యే కాదు, యాజమాన్యానికి సంబంధించిన సమస్య. సర్వర్‌ను తాకే ప్రతి కంప్యూటరూ ఆ సర్వర్‌లో భాగమే. అది ఎవరి ఇంట్లో ఏ బల్ల మీద ఉన్నా, దాన్ని కొనాల్సింది, బాగు చేయించాల్సింది, అది పాడైతే జవాబు చెప్పాల్సింది సర్వర్ సొంతదారు మాత్రమే.

పాస్‌వర్డులను భద్రపరచడమే వ్యాపారంగా పెట్టుకున్న లాస్ట్‌పాస్‌లో 2022లో జరిగిన చోరీ ఈ రంగంలో ఉన్నవారికి తెలిసిన కథే. అయితే అందులోని అసలు పాఠాన్ని చాలామంది తప్పుగా చదువుకున్నారని నాకనిపిస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో దొంగలు మొదట చొరబడింది ఒక ఇంజినీరుకు కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లోకి. అక్కడ వాళ్లు ఉండగలిగింది నాలుగు రోజులేనని కంపెనీయే ప్రకటించింది. సాఫ్ట్‌వేర్‌కు మూలమైన సోర్స్ కోడ్ కొంత పోయింది, విషయం బయటపడింది, తలుపు మూశారు. రెండోసారి వాళ్లు ఎంచుకున్నది ఇల్లు. వినియోగదారుల బ్యాకప్‌లు తెరవడానికి కావలసిన తాళాలు కంపెనీ మొత్తంలో నలుగురు ఇంజినీర్లకే అందుబాటులో ఉండేవి. ఆ నలుగురిలో ఒకరి ఇంటి కంప్యూటర్‌లో ప్లెక్స్ ఉంది. ఇంట్లో దాచుకున్న సినిమాలనూ పాటలనూ టీవీలో చూసుకోవడానికి వాడే మీడియా సర్వర్ అది. అందులోని లోపానికి మరమ్మతు 2020 మేలోనే వచ్చినా ఆ ఇంజినీరు వేసుకోలేదు. ఆ మరమ్మతు తర్వాత దాదాపు 75 వెర్షన్లు వచ్చిపోయాయని ప్లెక్స్ లెక్క చెప్పింది. ఆ కంతలోంచి దూరినవాళ్లు ఏ మీట నొక్కినా నమోదు చేసే కీలాగర్‌ను అక్కడ పెట్టి కాచుకున్నారు. ఉద్యోగి రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌కు తోడు ఓటీపీ లాంటి మరో పరీక్ష) కూడా పద్ధతిగా పూర్తిచేసి, ఖజానా తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టినప్పుడు అది అక్షరం అక్షరం వాళ్ల చేతిలో పడింది. ఆగస్టు 12 నుంచి అక్టోబరు 26 వరకు వాళ్లు కంపెనీ క్లౌడ్ నిల్వల్లో తిరిగారు, వినియోగదారులు పాస్‌వర్డులు దాచుకున్న ఖజానాల బ్యాకప్ నకళ్లు పట్టుకుపోయారు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లో నాలుగు రోజులు, ఇంటి కంప్యూటర్ దారిన రెండున్నర నెలలు. ఇంటి ఇంజినీరు బద్ధకస్తుడు, ఆఫీసు ఇంజినీరు బుద్ధిమంతుడు అన్నది ఈ తేడాకు కారణం కాదు. మొదటి యంత్రం మీద జీతం తీసుకుని కాపలా కాసేవాళ్లున్నారు, అలారం మోగితే లేచేవాళ్లున్నారు. రెండో యంత్రం చుట్టూ ఉన్నది కుటుంబం. పైగా అసలు ఉద్యోగి పేరుతో, అసలు తాళంతో లోపలికి వచ్చినవాణ్ని సర్వర్ దొంగ అని ఎలా గుర్తుపడుతుంది? ఈ వ్యవహారంలో 2025 డిసెంబరులో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం లాస్ట్‌పాస్ బ్రిటన్ సంస్థకు 12 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేసింది. ఆ దేశంలో 16 లక్షల మంది వరకు వివరాలు పోయాయని తేల్చింది. గమనించాల్సిందేమిటంటే, ప్లెక్స్‌ను అప్‌డేట్ చేసుకోని ఇంజినీరుకు ఆ జరిమానా పడలేదు, కంపెనీకే పడింది. మా కుర్రాడు సంతకం పెట్టిన కాగితం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

వీపీఎన్ ఉంది కదా, ఇక భయమేమిటని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వీపీఎన్ చేసేది దారిని కప్పడం. ఇంటి నుంచి సర్వర్ దాకా పోయే సమాచారం మధ్యలో ఎవరి కంటా పడకుండా ఒక గొట్టంలోంచి పంపుతుంది. గొట్టం ఎంత గట్టిదైనా ఇవతలి కొసలో కూర్చున్న దొంగను అది అడ్డుకోదు సరికదా, అతణ్నీ అంతే భద్రంగా సర్వర్ ముంగిట దింపి వస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు, వీపీఎన్ ఎంత? ఇంటి కంప్యూటర్లలో ఇప్పుడు తిరుగుతున్న దొంగ సరుకులో ముఖ్యమైనది ఇన్ఫోస్టీలర్. పిల్లలు దింపుకున్న క్రాక్ గేముతోనో, ఫైలును పీడీఎఫ్‌గా మార్చిపెడతానన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనో వచ్చి, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ ఊడ్చుకుని తనను వదిలిన దొంగకు పంపేస్తుంది. ఓటీపీ అడ్డుపడుతుందన్న ధైర్యం కూడా పూర్తిగా నిలవదు. ఒకసారి ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాక, మళ్లీమళ్లీ అడగకుండా సర్వర్ మన బ్రౌజర్‌కు ఒక చీటీ ఇస్తుంది. సెషన్ కుకీ అంటే అదే. ఆ చీటీని ఎత్తుకుపోయినవాడిని చాలా సర్వర్లు పాత పరిచయస్తుడిగానే లోపలికి పిలుస్తాయి.

2022 సెప్టెంబరులో ఉబర్‌లోకి దొంగలు దూరిన తీరు చూడండి. ఒక కాంట్రాక్టరు సొంత పరికరానికి మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) సోకి, దాంతో పోయిన కంపెనీ పాస్‌వర్డ్‌ను దొంగ డార్క్ వెబ్ అనే చాటుమాటు ఇంటర్నెట్ సంతలో కొనుక్కుని ఉంటాడని ఉబరే వివరణ ఇచ్చింది. లాగిన్‌ను ఆమోదించమంటూ ఆ కాంట్రాక్టరు ఫోనుకు అభ్యర్థనలు వచ్చిపడుతూనే ఉన్నాయి. చివరికి ఒకదానికి సరే అన్నాడు. 2024లో, సంస్థల డేటాను క్లౌడ్‌లో దాచిపెట్టే స్నోఫ్లేక్ ఖాతాదారుల డేటా పోయినప్పుడు దర్యాప్తు చేసిన సైబర్ భద్రతా సంస్థ మాండియంట్ దాదాపు 165 సంస్థలకు ముప్పు ఉండవచ్చని చెప్పింది. దొంగిలించిన పాస్‌వర్డులు కొన్ని 2020 నవంబరు నాటివి. కొన్ని కేసుల్లో అవి పోయింది కాంట్రాక్టర్ల ల్యాప్‌టాప్‌ల నుంచి, గేములు ఆడుకోవడానికీ పైరసీ సాఫ్ట్‌వేర్ దింపుకోవడానికీ కూడా వాడిన యంత్రాల నుంచి. ఆ ఖాతాలకు రెండో అంచె ధ్రువీకరణ కూడా లేదు. రెండు ఘటనల్లోనూ కాంట్రాక్టరు అన్న మాట మళ్లీ మళ్లీ వినబడడం కాకతాళీయమని నేను అనుకోను. పర్మినెంటు ఉద్యోగికి ల్యాప్‌టాప్ ఇచ్చే కంపెనీయే కాంట్రాక్టు మనిషిని సొంతది తెచ్చుకోమంటుంది. ఇద్దరూ తెరిచేది మాత్రం ఒకే సర్వర్.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. లాస్ట్‌పాస్‌లో మొదట పోయింది కంపెనీ ల్యాప్‌టాపే కదా, 2023లో, ఇతర కంపెనీల లాగిన్ వ్యవహారం చూసే ఆక్టా సంస్థ ఉద్యోగి ఒకరు కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే సొంత గూగుల్ ఖాతా తెరిచి సర్వీసు ఖాతా పాస్‌వర్డ్ అందులో దాచడం వల్లే కదా 134 మంది ఖాతాదారుల ఫైళ్లు బయటపడ్డాయి అంటారు. చిన్న సంస్థలు అంత ఖర్చు భరించలేవని, పనంతా సర్వర్‌లోనే జరిగి తెర మీద బొమ్మ మాత్రమే కనబడే వర్చువల్ డెస్క్‌టాప్ ఇస్తే చాలని కూడా అంటారు. కంపెనీ ఇచ్చిన యంత్రం దొంగకు లొంగదని నేననడం లేదు. లొంగినప్పుడు చూసేవాడు, జవాబు చెప్పేవాడు ఉంటారంటున్నాను. కీలాగర్ కూర్చున్న కంప్యూటర్‌లో వర్చువల్ డెస్క్‌టాప్ తెరిచినా మీటలు నొక్కేది ఆ కీబోర్డు మీదే. ఇక ఖర్చు మాటకొస్తే, ఒక మామూలు ల్యాప్‌టాప్ ధర సీనియర్ ఇంజినీరు నెల జీతాన్ని మించదు.

మన చట్టాలు ఈ విషయంలో ఎటు చూస్తున్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. సైబర్ ఘటన గురించి తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఆ భద్రతా చర్యల్లో ఉద్యోగి ముందున్న కంప్యూటర్ ఎవరు కొనాలన్న సంగతి ఎక్కడా లేదు. అదే 2023 చట్టంలోని 7వ సెక్షన్ మాత్రం, యజమానిని నష్టం నుంచి కాపాడటానికి, కార్పొరేట్ గూఢచర్యాన్ని అరికట్టడానికి, వ్యాపార రహస్యాలు కాపాడుకోవడానికి ఉద్యోగి సమ్మతి లేకుండానే అతడి వ్యక్తిగత సమాచారాన్ని వాడుకునే వీలు కల్పించింది. సొంత ల్యాప్‌టాప్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసుకుని, బ్రౌజింగ్ అంతా కంపెనీ సర్వర్ మీదుగా పోయేలా వీపీఎన్ పెట్టుకున్నవాడికి దీని అర్థం ఏమిటో ఊహించండి. కంపెనీ సర్వర్‌ను నమ్మమని బ్రౌజర్‌కు చెప్పే కంపెనీ డిజిటల్ సర్టిఫికెట్ కూడా అందులో చేరితే, అతడు రాత్రి తెరిచిన బ్యాంకు పేజీలో ఏముందో విప్పి చూసే సాంకేతిక సామర్థ్యం కంపెనీ చేతికొస్తుంది. గొట్టానికి రెండు కొసలుంటాయి. భద్రత మీద ఉపన్యాసాలన్నీ సర్వర్ వైపు కొస గురించే, ఇంటి వైపు కొస గురించి మాట్లాడేవారు కరువు.

ఇల్లే కార్ఖానా అయినప్పుడు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మన నేలకు కొత్తది కాదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడవాళ్లు తరతరాలుగా ఇంటి అరుగు మీద చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆకూ తంబాకూ కంపెనీవి, మధ్యలో కాంట్రాక్టరు, కూలి చుట్టిన బీడీల లెక్కన. బాగా లేవని పక్కన పడేసిన బీడీల నష్టం కార్మికురాలి మీదే పడేది. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం, ముడిసరుకు తీసుకుని ఇంట్లో పనిచేసే మనిషి కూడా ఉద్యోగేనని ఒప్పుకుంది. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా అసలు యజమానినే యజమానిగా లెక్కించింది, ముడిసరుకు మీదా తిరస్కరించిన బీడీల మీదా వచ్చే తగాదాలకు ఒక వేదిక చూపింది. అమలు ఎంత అన్నది వేరే చర్చ, ఇప్పుడా చట్టం కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది కూడా. కానీ సూత్రం స్పష్టం. దాదాపు 60 ఏళ్ల కిందట చాటకు దొరికిన గుర్తింపు ఇవాళ ల్యాప్‌టాప్‌కు దొరకడం లేదు. 2020 నవంబరులో టెలికాం శాఖ కాల్‌సెంటర్ల నిబంధనలు సడలించి, ఉద్యోగి ఇంటిని కంపెనీ కార్యస్థానానికి పొడిగింపుగా గుర్తించింది. ఆఫీసును ఇంట్లోకి పొడిగించడానికి కలం కదిలింది, ఆఫీసు ఖర్చును ఇంట్లోంచి వెనక్కి పంపడానికి కదలలేదు. కరెంటు బిల్లు, ఇన్వర్టర్, ఇంటర్నెట్, నడుము నొప్పి పుట్టించని కుర్చీ ఒక్కొక్కటే ఉద్యోగి ఖాతాలోకి జారుకున్నాయి. ఇప్పుడు సైబర్ దొంగతనం తాలూకు పూచీ కూడా ఆ వరుసలోనే చేరుతోంది. ఇంటి కంప్యూటర్ భద్రత అని మనం పిలుస్తున్నది నిజానికి వేతన ఒప్పందంలో దాగిన కోత.

ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం, సమాచారం పొక్కితే బాధ్యత ఉద్యోగిదేనన్నది, తీసేయమని అడిగి చూడమని మా కుర్రాడికి చెప్పాను. అడిగాడు. అందరికీ ఒకే నమూనా కాబట్టి మార్చడం కుదరదని మెయిల్ వచ్చింది. దాని కిందే ఒక సలహా కూడా ఉంది: ఆఫీసు పనికి వాడే ల్యాప్‌టాప్‌ను ఇంట్లో వేరేవారికి ఇవ్వకుండా ఉంటే మంచిది. మర్నాడు అతడు చెల్లెలి మాక్ టెస్టుల కోసం ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు, తన జీతంలోంచి.