మేజర్‌ను విద్యార్థి చేతికివ్వండి

డిగ్రీలో ఎంపీసీ, బీజెడ్‌సీ, హెచ్‌ఈపీ లాంటి మూడు సబ్జెక్టుల కాంబినేషన్లను పక్కనపెట్టి ఆంధ్రప్రదేశ్ 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ తెచ్చింది. తెలంగాణలో డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్‌లో సబ్జెక్టులను గుంపులుగా పెట్టి ఎంచుకోమనే బకెట్లు ఉన్నాయి. ఏ సబ్జెక్టు పక్కన ఏది చదవాలో తేల్చే అధికారం మాత్రం రెండు చోట్లా విద్యార్థికి దక్కలేదు.

2022 డిసెంబరులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (చదువు పరిమాణాన్ని కొలిచే పాయింట్లు), అందులో మేజర్‌కు కనీసం 60. వాటిని పలు శాఖలకు పంచి ఇంటర్‌డిసిప్లినరీ మేజర్ ఇవ్వవచ్చని అదే పత్రం ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ కలిసే ఎకనామెట్రిక్స్ ఉదాహరణతో చెప్పింది. ఆ పంపకాన్ని విద్యార్థికి, ఇద్దరు అధ్యాపకులకు వదిలేయాలి.

అనంతపురం విద్యార్థి 'మా ఊళ్లో బోర్లు ఎందుకు ఎండుతున్నాయి?' అని అడిగాడనుకోండి. అక్కడ భూమి కింద గట్టి రాయి. నీరు దాని పగుళ్లలోనే ఉంటుంది, కాబట్టి జియాలజీ కావాలి. వాన లెక్కలకు స్టాటిస్టిక్స్, కంప్యూటర్ మ్యాపులతో పనిచేసే జీఐఎస్ కావాలి. పంపుసెట్లకు ఉచిత కరెంటున్నచోట రైతు నీళ్లెలా తోడతాడో అర్థం కావాలంటే ఎకనామిక్స్ చదవాలి. క్రెడిట్లను ఇలా పంచవచ్చు: జియాలజీకి 24, స్టాటిస్టిక్స్-జీఐఎస్‌కు 16, ఎకనామిక్స్‌కు 16, ఫీల్డ్ ప్రాజెక్టుకు 4. మొత్తం 60. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా ఆ ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. ఇన్నేళ్లుగా మన కాలేజీలు ఇస్తున్నది ఆ సగమే.

ఇలాంటి మేజర్ చెడేది ఎక్కువగా పై సెమిస్టర్లలోనే. విద్యార్థి మూడు శాఖల్లోనూ మొదటి మెట్టు పేపర్లే ఏరుకుంటే దేనిలోనూ లోతు రాదు. అందుకే కనీసం సగం క్రెడిట్లు పై స్థాయివి కావాలి. భూగర్భజలాల గురించి చెప్పే హైడ్రోజియాలజీకి ముందు ఏ పేపర్ పూర్తిచేయాలో వెనక నుంచి లెక్కేసుకుంటూ రావాలి. అయిదో సెమిస్టర్‌లో లెక్చరర్ బదిలీ అయితే ఆ పేపరే ఉండదు, కాబట్టి ప్రతి కీలక పేపర్‌కూ ఒక ప్రత్యామ్నాయం రాసిపెట్టుకోవాలి. ప్రశ్న, పేపర్ల వరుస, ప్రాజెక్టు, ఇద్దరు గైడ్ల సంతకాలు కలిపి రెండు పేజీల ప్రతిపాదన రెండో సెమిస్టర్ ముగిసేలోపు కాలేజీకి అందాలి. ఆ ఇద్దరూ వేర్వేరు శాఖల వారై ఉండాలి.

పిల్లలు సులువైన పేపర్లే ఏరుకుంటారన్న అభ్యంతరం ఉంది. 1972లో మొదలైన న్యూయార్క్ యూనివర్సిటీ గాలటిన్ స్కూల్ దీనికి జవాబు చూపింది. అక్కడ కోర్సులు ఎంచుకునేది విద్యార్థే. చివర్లో తాను ఎంచుకున్న పుస్తకాల జాబితాపై అధ్యాపకుల ముందు మౌఖిక పరీక్షకు కూర్చోవాల్సిందీ అతనే.

అసలు అడ్డంకి ఉద్యోగ నోటిఫికేషన్. డీఎస్సీ నుంచి పీజీ ప్రవేశాల దాకా అడిగేది 'సంబంధిత సబ్జెక్టు'. డిగ్రీ మీద 'భూగర్భజల అధ్యయనం' అని ఉంటే దరఖాస్తు పరిశీలనలోనే పక్కకు పోతుంది. అమెరికాలో చదివే మన పిల్లలకూ ఈ చిక్కు ఉంది. చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి అయిన ఓపీటీకి అదనంగా, సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ (స్టెమ్) చదివినవారికి ఇచ్చే 24 నెలల పొడిగింపు వస్తుందో లేదో తేల్చేది మేజర్‌కు యూనివర్సిటీ ఇచ్చే సీఐపీ కోడ్, అంటే ఆ చదువు ఏ వర్గానిదో చెప్పే సంఖ్య. సొంత మేజర్ ప్రతిపాదించే ముందే ఆ కోడ్ ఏమిటో అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ మాత్రం పరిష్కారం ప్రభుత్వాల చేతిలోనే ఉంది. మూడేళ్ల డిగ్రీలో మైనర్‌కు, అంటే మేజర్ తర్వాతి రెండో సబ్జెక్టుకు, యూజీసీ పెట్టిన కొలత 24 క్రెడిట్లు. అలాంటి కొలతే వాడి, డిగ్రీ పేరు అడగడం మానేసి 'ఈ సబ్జెక్టులో కనీసం ఇన్ని క్రెడిట్లు' అని సర్వీస్ కమిషన్లు, డీఎస్సీ నిబంధనలు రాసుకోవాలి. విద్యార్థులు సంపాదించిన క్రెడిట్లు ఆన్‌లైన్‌లో జమ అయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది, అందులో విద్యార్థి ఖాతా చూస్తే ఆ లెక్క సరిచూసుకోవచ్చు. వచ్చే నోటిఫికేషన్ నుంచే ఈ మార్పు మొదలుపెట్టాలి.